ప్రేమ పోయినచోట మాయ మొదలైతే: ఫాంటసీ ప్రేమ ధారావాహిక రాసేవాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

ప్రేమ విఫలమైన ఒక మనిషి, ఆ మనిషి జీవితంలోకి వచ్చిపడ్డ ఒక మాయ, చివరికి తనను తాను తెలుసుకోవడం. ఈ మూడింటితో టీవీ ధారావాహిక రాయడానికి కూర్చున్నవాళ్లకు వచ్చే సందేహాలు ఇంచుమించు ఒకేలా ఉంటాయి. అవే మళ్లీ మళ్లీ వస్తున్నాయి కాబట్టి ఒకచోట చేర్చాం. ఏ ప్రశ్నకు ఆ ప్రశ్నను విడిగా చదువుకోవచ్చు. లెక్కలు చెప్పిన చోట 16 ఎపిసోడ్లు, ఎపిసోడ్‌కు గంట చొప్పున అనుకున్నాం. కొరియన్ ధారావాహికలు అలవాటు చేసిన కొలత ఇది.

## కథ అనుకునే దశ

ముందు మాయను అనుకోవాలా, బాధను అనుకోవాలా?

బాధనే. అదీ ఒక్క వాక్యంలో, కచ్చితంగా. "అతను వదిలేసి వెళ్లాడు" అంటే చాలదు. "ఎందుకు వెళ్తున్నాడో చెప్పకుండా వెళ్లాడు" అనాలి. ఆ వాక్యంలోంచే మాయ పుట్టాలి. కారణం తెలియక నలిగిపోయే అమ్మాయికి అందరి మనసులో మాటలూ వినిపించి, అతని మనసు ఒక్కటే వినిపించకపోతే అది ఆమె కోసమే పుట్టిన మాయ. మరచిపోలేక బాధపడే అబ్బాయికైతే జ్ఞాపకాలు కొనే వ్యాపారి ఎదురుపడాలి. ఒకరి మాయను తీసి ఇంకొకరికి తగిలిస్తే అతకదు.

మనుచరిత్రలోని వరూధిని కథ చూడండి. ఆమె కోరిన ప్రవరుడు కాదని వెళ్లిపోయాక, గంధర్వుడు అతని రూపంలో వస్తాడు. ఆమెకు ఆ ముఖం దొరికింది, మనిషి దొరకలేదు. ఆ మాయ ఆమె కోరికను తీర్చినట్టే ఉంటుంది, ఆ కోరిక దేని మీదో చదివేవాళ్లకు చూపించేదీ అదే.

రాశాక రెండు పరీక్షలు పెట్టండి. మాయను తీసేసినా కథ అలాగే నడిస్తే, ఆ మాయ పైపూత. బాధను తీసేసినా నడిస్తే, మీరు రాసింది సాహసగాథ.

మాయకు ఎన్ని నియమాలు ఉండాలి?

మూడు చాలు: ఏం చేయగలదు, ఏం చేయలేదు, బదులుగా ఏం తీసుకుంటుంది. ప్రవరుడు పాదాలకు పూసుకున్న లేపనం కోరిన చోటికి తీసుకెళ్తుంది, కానీ హిమాలయాల మంచుకు కరిగిపోతుంది. ఆ ఒక్క లోపం వల్లే అతను వెంటనే తిరిగి ఇల్లు చేరలేకపోయాడు, కథ అంతా అక్కణ్నుంచే కదిలింది. మాయ శక్తి ఆసక్తి పుట్టిస్తుందేమో గానీ, కథను నడిపేది దాని పరిమితే.

మొదటి రెండు నియమాలను 2వ ఎపిసోడ్ లోపే సన్నివేశంగా చూపించండి, ఎవరి చేతా వివరంగా చెప్పించకండి. మూడోది, అంటే మూల్యం, 4వ ఎపిసోడ్‌కల్లా తెలియాలి. ఆ మూల్యానికి కొలత ఉండాలి. మహాభారతంలో, చనిపోయిన ప్రియురాలు ప్రమద్వరను బతికించుకోవడానికి రురుడు తన ఆయుష్షులో సగం ఇచ్చాడు. "సగం" అన్నారు కాబట్టే ఆ మాట బరువుగా తగులుతుంది. "నీకు కీడు జరుగుతుంది" అంటే ఎవరికీ భయం వేయదు. "వాడిన ప్రతిసారీ నీ జ్ఞాపకాల్లో ఒక రోజు పోతుంది" అంటే ప్రేక్షకుడు లెక్క పెట్టుకుంటాడు.

ఎక్కువగా జరిగే తప్పు, చిక్కులోంచి బయటపడటానికి 13వ ఎపిసోడ్‌లో కొత్త నియమం తేవడం. అలాంటిది తప్పదనుకుంటే దాని విత్తనం కనీసం మూడు నాలుగు ఎపిసోడ్ల ముందు పడి ఉండాలి.

శాపం, మతిమరుపు, పునర్జన్మ పాతబడిపోయాయి కదా. వాడొచ్చా?

వాడొచ్చు. పాతదనం పెద్ద దోషం కాదు. పాత్ర మీద ఉండాల్సిన బాధ్యతను మాయ ఎత్తుకుపోతేనే దోషం. మహాభారతంలో దుష్యంతుడు శకుంతలను గుర్తుండి కూడా కాదంటాడు. కాళిదాసు దూర్వాసుడి శాపాన్నీ, ఉంగరాన్నీ తెచ్చి రాజు తప్పును మరుపు మీదికి నెట్టాడు. ప్రేమకథగా అది అందమైన మార్పు. కానీ మీ ధారావాహిక ఒక మనిషి తనను తాను తెలుసుకోవడం గురించి అయితే, గుర్తుండీ కాదన్న మనిషే మీకు ఎక్కువ పనికొస్తాడు. మతిమరుపు పెట్టే ముందు అది లేకుండా ఒకసారి ఆ సన్నివేశం రాసి చూడండి.

పునర్జన్మకు ఇంకో చిక్కుంది. రెండు కాలాలంటే దుస్తులు, సెట్లు, కేశాలంకరణ అన్నీ రెట్టింపు. పాత జన్మను ఎపిసోడ్‌కు 8 నుంచి 10 నిమిషాలు దాటనివ్వకండి.

బాధకు ఐదు దశలంటారు కదా, ఎపిసోడ్లను వాటి ప్రకారం పంచేయొచ్చా?

వద్దు. ఆ ఐదు దశలను (నిరాకరణ, కోపం, బేరం, కుంగుబాటు, అంగీకారం) 1969లో ఎలిజబెత్ క్యూబ్లర్-రాస్ చెప్పింది మరణానికి దగ్గరైన రోగులను చూసి. ప్రేమ విఫలమైనవాళ్ల గురించి కాదు. అవి మెట్లలా వరుసగా వస్తాయనుకుని రాస్తే 3వ ఎపిసోడ్ అంతా కోపం, 5వ ఎపిసోడ్ అంతా బేరం అయిపోయి, పాత్ర యంత్రంలా తయారవుతుంది.

రచయితకు అంతకన్నా పనికొచ్చేది మార్గరెట్ స్ట్రోబ్, హెంక్ షుట్ 1999లో ప్రతిపాదించిన నమూనా. ఆత్మీయుల్ని పోగొట్టుకున్న మనిషి పోయినదాని వైపు కాసేపు, బతకాల్సిన రోజు వైపు కాసేపు ఊగిసలాడతాడని దాని సారం. ప్రేమ పోగొట్టుకున్న పాత్రకూ ఇది చక్కగా సరిపోతుంది. దీన్ని నేరుగా సీన్ ఆర్డర్‌లోకి తెచ్చుకోవచ్చు. ప్రతి ఎపిసోడ్‌లో వెనక్కి లాగే సన్నివేశం ఒకటి, ముందుకు నడిపించే సన్నివేశం ఒకటి ఉండాలి. పొద్దున పనిచోట అందరితో కలిసి నవ్విన మనిషి, రాత్రి గూట్లో రెండో తాళంచెవి చూసి అక్కడే నిలబడిపోతుంది. ఇలా రాస్తే హాస్యం అతికించినట్టు ఉండదు. మూడు నాలుగు ఎపిసోడ్లు ఏకధాటిగా ఏడిస్తే మాత్రం అసలు కన్నీరు పెట్టాల్సిన చోట ప్రేక్షకుడి దగ్గర ఏమీ మిగలదు.

గుండె పగిలి చనిపోవడం నిజంగా ఉంటుందా?

దగ్గరి జబ్బు ఒకటి ఉంది. పేరు టకోట్సుబో. 1990లో జపాన్ వైద్యులు మొదట వర్ణించారు. తీవ్రమైన దుఃఖం లేదా షాక్ తర్వాత గుండె ఎడమ జఠరిక కింది భాగం ఉబ్బుతుంది. ఆ ఆకారం ఆక్టోపస్‌లను పట్టే కుండలా ఉంటుందని ఆ పేరు పెట్టారు. ఛాతీ నొప్పి, ఆయాసం గుండెపోటులాగే వస్తాయి, రక్తనాళాల్లో మాత్రం దానికి తగ్గ అడ్డంకి కనిపించదు. ఎక్కువగా నెలసరి ఆగిన వయసు స్త్రీలలో వస్తుంది, చాలామంది కొన్ని వారాల్లో కోలుకుంటారు. కాబట్టి పాతికేళ్ల నాయికను దీనితో చంపితే నమ్మకం కలగదు. ఆమె తల్లికో, పెద్ద వయసు పాత్రకో వచ్చి తగ్గినట్టు రాస్తే సరిగ్గా ఉంటుంది.

## ఎపిసోడ్లుగా పంచే దశ

బైబిల్‌లో, అంటే ధారావాహిక మొత్తం వివరాలు రాసుకునే పత్రంలో, ఏమేం రాయాలి?

10 నుంచి 15 పేజీలు. కథ ఒక పేజీ, మాయ నియమాలు అర పేజీ, ముఖ్య పాత్రలకు తలా అర పేజీ, ఒక్కో ఎపిసోడ్‌కు ఐదారు వాక్యాలు, లొకేషన్ల పట్టిక, సీజీ (కంప్యూటర్ గ్రాఫిక్స్) అవసరమయ్యే సన్నివేశాల పట్టిక. చాలా బైబిళ్లలో నాయిక ఏం కోరుకుంటుందో ఉంటుంది, ఆమె తన గురించి ఏం తప్పుగా నమ్ముతుందో ఉండదు. "నేను సర్దుకుపోతేనే ఎవరైనా నాతో ఉంటారు" లాంటి వాక్యం ఒకటి కావాలి. ఆ నమ్మకం వదలడమే మీ ధారావాహిక అసలు కథ. అది రాసుకోకపోతే 16 ఎపిసోడ్ల తర్వాత కూడా పాత్ర మొదటి రోజు మనిషిలాగే ఉంటుంది.

16 ఎపిసోడ్లలో ఏది ఎక్కడ రావాలి?

ప్రేమ తెగిపోవడం 1వ ఎపిసోడ్‌లో, వీలైతే మొదటి 20 నిమిషాల్లో. ఆ ఎపిసోడ్ చివర మాయ తలుపు తెరుచుకోవాలి. 2, 3 ఎపిసోడ్లలో మాయ ఆమెకు మేలు చేస్తున్నట్టే ఉంటుంది. 4లో మూల్యం తెలుస్తుంది. 5 నుంచి 7 వరకు కొత్త మనిషితో దగ్గరితనం. దీన్ని తొందరపెట్టకండి, ప్రేక్షకుడు వారం వారం తిరిగొచ్చేది దీనికే. 8లో ఆమె కోరుకున్నది దొరుకుతుంది. పాత ప్రేమికుడు తిరిగి రావడం దీనికి సరైన చోటు. దొరికాక అది తనకు అక్కర్లేదని లోపలెక్కడో తెలియడం 9వ ఎపిసోడ్. 12లో దాచిన నిజం బయటపడుతుంది. 14 అట్టడుగు. 15లో ఆమె మాయ సాయం లేకుండా నిర్ణయం తీసుకుంటుంది, 16లో దాని ఫలితం.

నిర్ణయాన్ని 16కు తోసేస్తే ఫలితం చూపించడానికి చోటు ఉండదు, ముగింపు హడావిడిగా అనిపిస్తుంది.

9 నుంచి 12 వరకు కథ సాగదీసినట్టు ఉంటోంది. ఎందుకు?

ఒకే అడ్డంకిని వేషం మార్చి మళ్లీ తేవడం వల్ల. మొదటి సగంలో ప్రేక్షకుడి ప్రశ్న "వాళ్లు కలుస్తారా" అయితే రెండో సగంలో ప్రశ్న మారాలి: "కలవడానికి ఆమె ఏం వదులుకుంటుంది, వదులుకోవాలా?" ప్రశ్న మారకపోతే ఎన్ని మలుపులు పెట్టినా బండి అక్కడే తిరుగుతుంది. 9 నుంచి 12 వరకు ఒక్కో ఎపిసోడ్‌కు ఇలా రాసి చూడండి: "ఈ ఎపిసోడ్ ముందు ఆమెకు తెలియనిది, తర్వాత తెలిసింది." ఖాళీ మిగిలిన ఎపిసోడ్‌ను పక్కదానిలో కలిపేయండి.

రెండో హీరో మీదే అందరికీ ఇష్టం పుడుతోంది. ఏం చేయాలి?

అతన్ని చెడ్డవాడిగా మార్చకండి, ప్రేక్షకుడు క్షమించడు. సాధారణంగా కారణం ఒకటే. రెండో హీరో ఆమె మాట వింటాడు, మొదటి హీరో ఆమెను కాపాడతాడు. వినే సన్నివేశాల్లో రెండింటిని మొదటి హీరోకు ఇవ్వండి. రెండో హీరోకు నాయికతో సంబంధం లేని తన సొంత కోరిక ఒకటి ఇవ్వండి.

## సీన్లు, మాటలు రాసే దశ

పేజీకి నిమిషం అన్న లెక్క తెలుగు స్క్రిప్టుకు పనిచేస్తుందా?

పనిచేయదు. అది ఒక ప్రత్యేకమైన ఇంగ్లీషు ఫాంట్‌కీ, మార్జిన్లకూ కట్టిన లెక్క. తెలుగులో ఎడమవైపు చర్య, కుడివైపు మాటలు రాసే పద్ధతిలో పేజీ అర నిమిషమూ కావచ్చు, రెండు నిమిషాలూ కావచ్చు. గడియారం పెట్టుకుని మాటలు పైకి చదవండి. మౌనాలకు, నడకలకు విడిగా సెకన్లు రాయండి. గంట ఎపిసోడ్‌కు 40 నుంచి 55 సీన్లు సాధారణం. ఈ తరహా కథలో మౌనాలు ఎక్కువ కాబట్టి 40 వైపే ఉండండి.

"నన్ను నేను తెలుసుకున్నాను" అని చెప్పించకుండా ఎలా చూపించాలి?

ఒకే చిన్న సందర్భాన్ని మూడుసార్లు తెచ్చి, మూడుసార్లూ ఆమె వేరేగా ప్రవర్తించేలా చేయండి. నాయికకు ప్రతిదానికీ "నీ ఇష్టం" అనే అలవాటు ఉందనుకుందాం. 2వ ఎపిసోడ్‌లో బస్సులో కిటికీ పక్కన కూర్చుంటావా అని అడిగితే "నీ ఇష్టం" అంటుంది. ఎవరూ పట్టించుకోరు. 8వ ఎపిసోడ్‌లో మాయ వల్ల ఎదుటివాడి మనసు వినిపిస్తుంది కాబట్టి అతనికి నచ్చేదే తన ఇష్టంగా చెబుతుంది. పైకి చూస్తే మారినట్టే ఉంటుంది. 15లో ఏ సాయమూ లేకుండా "కిటికీ పక్కన" అంటుంది, ఎదుటివాళ్లకు నచ్చదని తెలిసి కూడా. అంతే. నేపథ్య సంగీతం కూడా అక్కర్లేదు.

మూడింటిలో రెండోదే కీలకం. మొదటిదీ చివరిదీ మాత్రమే ఉంటే మార్పు గాల్లోంచి వచ్చినట్టు ఉంటుంది. మొదటిదాన్ని వేరే పనిలో దాచండి. అందులో ఏదో ఉందని ప్రేక్షకుడికి అప్పుడే తెలిస్తే చివరిది ముందే ఊహిస్తాడు.

స్నేహితురాలు వచ్చి "నువ్వు మారిపోయావే" అనడం ఇంకో పెద్ద పొరపాటు. ఆ మాట కొట్టేసి చూడండి. సన్నివేశం నిలబడకపోతే లోపం సన్నివేశంలోనే ఉంది.

మాయాలోకపు పాత్రతో గ్రాంథికం మాట్లాడించాలా?

మొత్తం గ్రాంథికమైతే ప్రేమ సన్నివేశంలో నవ్వొస్తుంది. ఒక్క లక్షణం ఎంచుకోండి. అతను చిన్నపిల్లలతో సహా అందరినీ "మీరు" అంటాడు, అదొక్కటే తేడా. దీనివల్ల తెలుగు మనకిచ్చిన ఒక సౌకర్యం చేతికొస్తుంది. "మీరు" నుంచి "నువ్వు"కు దిగడం ప్రేమ ప్రకటన కన్నా బలంగా ఉంటుంది. దాన్ని ఒక్కసారే, 7వ ఎపిసోడ్ ప్రాంతంలో జరగనివ్వండి. ఆమె ఒక్క క్షణం ఆగి గమనించాలి. తర్వాత విడిపోయే సన్నివేశంలో అతను మళ్లీ "మీరు" అంటే వేరే మాటలేవీ అక్కర్లేదు.

ఇందులో తరచూ చెడేది డబ్బింగ్‌లో. స్క్రిప్టులో ప్రతి "మీరు", "నువ్వు" కింద గీత గీసి ఇవ్వండి. లేకపోతే పెదవుల కదలికకు సరిపడేలా మాట మార్చేటప్పుడు ఎవరో ఒకరు దాన్ని సవరించేస్తారు.

ఎపిసోడ్ చివరి హుక్, అంటే తర్వాతి ఎపిసోడ్ చూడాలనిపించే ముగింపు, ఎలా ఉండాలి?

వరుసగా రెండు ఎపిసోడ్లకు ఒకే రకం హుక్ వద్దు. ఒకదానికి ప్రమాదం, తర్వాతిదానికి నిజం తెలియడం, మరోదానికి నిర్ణయం. ప్రమాదంతో ముగించి తర్వాతి ఎపిసోడ్ మొదటి నిమిషంలోనే "అదంతా కల" అంటే ఆ తర్వాతి హుక్‌లను ఎవరూ నమ్మరు.

## షూటింగ్ దశ

బడ్జెట్ తక్కువ. సీజీ లేకుండా ఏ మాయను తీయొచ్చు?

చాలా తీయొచ్చు. మాయమవడం: కెమెరాను ట్రైపాడ్ మీద బిగించి, మాయమయ్యే పాత్ర బయటికి వెళ్లేవరకు మిగిలినవాళ్లు కదలకుండా ఉంటే ఎడిటింగ్‌లో ఒక్క కట్‌తో సరిపోతుంది. కాలం ఆగిపోవడం: అందరూ కదలకుండా నిలబడితే, ఒక్కరు మధ్యలోంచి నడుస్తారు. ఇది 8 సెకన్లు దాటితే కనురెప్పలు కొట్టుకుంటాయి, ఆరుబయట గాలికి జుట్టు కదులుతుంది. కాబట్టి ఇంటి లోపల, ఫ్యాన్లు ఆపి తీయాలి. రాలిన పూలు తిరిగి కొమ్మకు చేరడం: రాలేటప్పుడు తీసి వెనక్కి తిప్పడమే. సెకనుకు 48 ఫ్రేములతో తీసి 24లో చూపిస్తే వేగం సగమై ఇంకా బాగుంటుంది. అద్దంలో ప్రతిబింబం లేకపోవడం: అద్దం బదులు ఖాళీ చట్రం పెట్టి, అవతల అదే గదిని కుడి ఎడమలు తారుమారు చేసి అమర్చాలి.

వాన మాయకు గుర్తైతే వెనక నుంచి లైటు వేయండి. ముందు నుంచి వేస్తే చినుకులు కనబడవు.

సీజీకి పంపే షాట్లకు ఎపిసోడ్‌కు సగటున 15 అని గీత గీసుకుని, వాటిలో ఎక్కువ భాగం 1, 8, 15 ఎపిసోడ్లకు దాచుకోండి.

ఒకే నటి రెండు రూపాల్లో ఒకే ఫ్రేములో ఉండాలి. ఎలా తీయాలి?

మాస్క్ షాట్. కెమెరా, లెన్స్, ఫోకస్, ఎక్స్‌పోజర్, లైట్లు ఏవీ కదపకుండా రెండుసార్లు తీసి మధ్యలో కలుపుతారు. ముందు మాటలు ఎక్కువున్న రూపంతో తీయండి. ఆ మాటల రికార్డింగ్ రెండోసారి నటి చెవిలో వినిపిస్తే జవాబులు సమయానికి పడతాయి. చూపు నిలపడానికి స్టాండ్ మీద కంటి ఎత్తులో గుర్తు పెట్టండి. కలిపే గీత తలుపు అంచు, స్తంభం లాంటి నిలువు వస్తువు మీద పడితే మంచిది. చెయ్యి ఆ గీత దాటకూడదు.

ఇందులో చెడేవి రెండు. మేకప్, దుస్తులు మారడానికి గంట పడితే ఆరుబయట ఎండ మారి రెండు సగాల నీడలు కలవవు. కాబట్టి ఇంటి లోపలే పెట్టుకోండి. రెండోది, టేబుల్ మీద వస్తువులు. ఎవరో ఒక గ్లాసు జరిపితే అది ఫ్రేములో సగానికి తెగి కనిపిస్తుంది. సన్నివేశమంతా ఇలా తీయాల్సిన పని లేదు. మూడు నాలుగు మాస్క్ షాట్లు చాలు, మిగిలినవి డూప్ (నటి బదులు నిలబడే మనిషి) భుజం మీదుగా తీసే సజెషన్ షాట్లు.

షెడ్యూల్ వరుస తప్పుతుంది. బాధ స్థాయి ఎలా నిలబెట్టాలి?

లొకేషన్ ప్రకారం తీస్తారు కాబట్టి పొద్దున 14వ ఎపిసోడ్, మధ్యాహ్నం 3వ ఎపిసోడ్ రావడం మామూలే. వన్‌లైన్ ఆర్డర్‌లో (సీన్ల వరుస పట్టికలో) ప్రతి సీన్ పక్కన మూడు అంకెలు రాయండి: బాధ ఎంత, మాయ మీద నమ్మకం ఎంత, కొత్త మనిషి మీద నమ్మకం ఎంత. ఒక్కోటి 0 నుంచి 10 వరకు. అసోసియేట్ డైరెక్టర్ షాట్‌కు ముందు ఆ అంకెలు నటికి చెబితే పది నిమిషాల ఉపన్యాసం తప్పుతుంది. బయటికి కనిపించే గుర్తు కూడా ఒకటి పెట్టుకోండి, పాత ప్రేమికుడిచ్చిన గడియారం ఏ ఎపిసోడ్ దాకా చేతికి ఉంటుందో. సీన్ల మధ్య తేడా రాకుండా తీసిపెట్టుకునే కంటిన్యుటీ ఫోటోల్లో మొదట చూడాల్సింది దాన్నే.

ఏడుపు సన్నివేశాలు ఎలా తీయాలి?

క్లోజప్ ముందు తీయండి. వైడ్ నుంచి మొదలుపెడితే దగ్గరికి వచ్చేసరికి నటి అలసిపోతుంది, ముఖం ఉబ్బుతుంది. గ్లిజరిన్‌తో కన్నీరు కనిపిస్తుంది గానీ కళ్లు సహజంగా ఎరుపెక్కవు. మెంథాల్‌ను కంటి కింద చర్మానికి కాస్త రాస్తే నీరూ ఎరుపూ రెండూ వస్తాయి. అది కంట్లోకి పోకూడదు. ధారావాహిక మొత్తంలో నాయిక వెక్కి వెక్కి ఏడ్చే సీన్లు మూడుకు మించనివ్వకండి.

## ఎడిటింగ్, ముగింపు

రెండు లోకాల తేడా రంగుతో చూపిస్తే చాలా?

రంగు డీఐలో (ఎడిటింగ్ తర్వాత రంగులు సరిచేసే దశలో) వస్తుంది, కానీ తేడా షూటింగ్‌లోనే మొదలవ్వాలి. మామూలు లోకాన్ని చేతిలో పట్టుకున్న కెమెరాతో, మాయాలోకాన్ని ట్రాక్ మీద నిదానంగా తీస్తే రంగు లేకపోయినా తెలుస్తుంది. శబ్దం ఇంకా చవక, ఇంకా బలం. మాయాలోకంలో ఒక శబ్దాన్ని పూర్తిగా తీసేయండి. గాలి లేదు, లేదా అడుగుల చప్పుడు లేదు. 15వ ఎపిసోడ్‌లో ఆ చప్పుడు తిరిగి వినిపించినప్పుడు ఏదో మారిందని మాటల్లేకుండానే అర్థమవుతుంది.

చివర వాళ్లు కలవాలా, విడిపోవాలా?

రెండూ కుదురుతాయి, వరుస మాత్రం తప్పకూడదు. ఆమె నిర్ణయం ముందు, అతను దొరకడం తర్వాత. అతను తిరిగొచ్చాక ఆమెకు ధైర్యం వస్తే, ఆమె తెలుసుకున్నది మళ్లీ ఇంకొకరి మీద ఆధారపడటమే. రెండింటి మధ్య కనీసం ఒక సీన్, కథలో కొన్ని నెలలు గడవనివ్వండి. ఆ ఖాళీలో ఆమె ఒంటరిగా, మామూలుగా, బాగానే ఉన్నట్టు చూపించాలి. ఈ ఒక్క సీన్‌ను నిడివి కోసం కత్తిరించేస్తుంటారు. దానికోసం వేరేది ఏదైనా తీసేయండి.

మాయ చివరికి పోవాలా, ఉండాలా?

మాయ లేకుండా కూడా ఆమె అదే నిర్ణయం తీసుకునేదని ప్రేక్షకుడికి నమ్మకం కుదిరితే, మాయ ఉన్నా ఇబ్బంది లేదు. మాయ పోయేటట్టయితే దానికి 1వ ఎపిసోడ్‌లో ఏ తలుపు, ఏ వస్తువు, ఏ వేళ వాడారో దాన్నే వాడండి. ఆమె దాన్ని మూయాలి, దానంతట అది మూసుకోకూడదు. ఆ షాట్‌ను మొదటి ఎపిసోడ్ షూట్ రోజే, అదే ఫ్రేములో తీసి పెట్టుకోండి. ఆఖరి షెడ్యూల్‌కు ఆ సెట్ ఉండదు.